చిన్నారుల వేళ్లకు ఊలు పని: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల వేళ్లకు పట్టు రావడం కోసం ఊలు ఉండలు, పురికొస, అట్టముక్కలతో చేయించే పనులను శ్రీకాకుళం జిల్లా పొందూరు దగ్గరలోని మా అంగన్‌వాడీ కేంద్రంలో కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒక చేయి అట్టను కదలకుండా పట్టుకుంటే రెండో చేయి దారాన్ని నడిపించే పనులు మాత్రమే మా దగ్గర నిలిచాయి. చూడముచ్చటగా ఉండే మిగతా వాటిని చివరికి పెద్దవాళ్లే పూర్తి చేయవలసి వస్తోంది.

ముందు దారం సంగతి. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, ఏకులు చుట్టి వడికే నూరు కౌంటు నూలుకు ఎంత పేరున్నా, అంత సన్నని పోగు మూడేళ్ల పిల్లల చేతికి చిక్కదు, లాగగానే తెగిపోతుంది. మా వైపు పండే గోగు నారతో పేనిన పురికొస బిరుసుగా ఉండటం వల్ల సూది లేకుండానే కంతలో దూరుతుంది గానీ, పీచు గుచ్చుకుని పిల్లలు చేతులు వెనక్కు తీసేసుకుంటారు. అన్నిటికంటే నాలుగు పేటల యాక్రిలిక్ ఊలే మేలు: మెత్తగా ఉంటుంది, ఉతికినా రంగు పోదు. దాని లోపమల్లా, నాలుగుసార్లు కంతలో గుచ్చేసరికి కొస పేటలు పేటలుగా విడిపోవడం. కొసను జిగురులో ముంచి ఆరబెట్టవచ్చు గానీ, వానాకాలంలో మా వైపు అది ఎంతకీ ఆరదు కాబట్టి అంగుళం మేర టేపు బిగించి చుట్టడమే నయం.

మూడేళ్ల వారికి చుట్టడం ఒక్కటే చాలు. అరచేతి వెడల్పు అట్టకు అంచుల్లో గాట్లు పెట్టి, ఊలు చుట్టమని ఇస్తే మణికట్టు తిరగడం అలవాటవుతుంది. నాలుగేళ్లు దాటిన పిల్లలకు కంతల అట్ట, మొద్దు మొన గల ప్లాస్టిక్ సూది ఇస్తాను. ఇక్కడ దాదాపు ప్రతి పిల్లా పిల్లవాడూ సూదిని కిందికి దించి, మళ్లీ అట్ట అంచు మీదుగా తిప్పి పైనుంచే గుచ్చుతారు. అప్పుడు దారం విప్పి మనం సరిచేయకుండా, అట్టను వెనక్కు తిప్పి చూపిస్తే సరిపోతుంది.

నేత మాత్రం ఐదేళ్ల వారికి నిజంగా సరిపోయిన పని. సెంటీమీటరుకు ఒక గాటు చొప్పున పెట్టిన గట్టి అట్ట మీద పడుగు, అంటే నిలువు పోగులు, నేనే లాగి ఇస్తాను; వాటికి అడ్డంగా నడిపే పేక పిల్లలది. కాగితపు పళ్లెం మీద గుండ్రంగా నేయించాలంటే గాట్లు తొమ్మిదో పదకొండో, అంటే బేసి సంఖ్యలో ఉండాలి. సరి సంఖ్య అయితే రెండో చుట్టులోనూ పేక అవే పోగుల పైనుంచి, అవే పోగుల కిందినుంచి వెళ్లి నేత పడదు. పడుగుకు ఒక రంగు, పేకకు మరో రంగు ఊలు వాడితే ఏ పోగు దాటిపోయిందో పిల్లలే కనిపెడతారు. అందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది: గట్టిగా లాగడం వల్ల నాలుగు వరసలకే అంచులు లోపలికి ముడుచుకుపోయి, నేత నడుము సన్నగిల్లుతుంది. మనవరాలిని తీసుకెళ్లడానికి వచ్చిన, ఒకప్పుడు రాట్నం వడికిన మామ్మ ఒకరు అది చూసి, “ఏటే, అలా లాగుతావేటి? నెమ్మదిగా రానీ” అంటూ పేకను కాస్త వాలుగా వేయించి, తర్వాత వేళ్లతో కిందికి నొక్కించింది. అంతవరకు నేను ఎన్ని మాటలు చెప్పినా సరికాని అంచు అప్పటి నుంచి కుదురుకుంది. నేత నేర్చిన పిల్లలు చొక్కా గుండీలు తామే పెట్టుకోవడం, బలపాన్ని మూడు వేళ్లతో పట్టుకోవడం చూశాను. అదంతా ఊలు చలవే అనను. వయసూ తన పని తాను చేస్తుంది.

ఊలు చుట్టి, నడుమ కట్టి, కొసలు కత్తిరించి చేసే కుచ్చు బంతులు (పాంపాంలు) నాకు నచ్చలేదు. చుట్టడం వరకే పిల్లలది. నడుమ బిగించి ముడి వేయడం, సమంగా కత్తిరించడం నా నెత్తిన పడ్డాయి. పైగా రాలిన పోగులను చిన్నవాళ్లు నోట్లో పెట్టుకుంటారు. వేళ్ల మీద అల్లిక ఐదేళ్లు నిండిన, ఓపిక ఉన్న ఒకరిద్దరికే అబ్బింది.

ఖర్చు స్వల్పమే. అట్టపెట్టె ఏ కిరాణా కొట్టువారైనా ఇస్తారు. ఊలు రెండు రంగులు, సూదులు కొంటే చాలు. రంగురంగుల పెట్టెలో అమర్చి అమ్మే సామగ్రి కూడా ఒకటి వాడి చూశాను. అందులోని అట్ట పలచగా ఉండి, పడుగు బిగించగానే వంగిపోయింది; సూదులు మాత్రం ఇప్పటికీ వాడుతున్నాం.

పిల్లల పక్కన పెద్దవారు కూర్చోలేని వేళ ఈ పని పెట్టకూడదు. ఉండను పిల్లల చేతికివ్వకుండా, చుట్టడానికి, కంతల అట్టకు మూర పొడవుకు మించని ముక్కలే కోసి ఇస్తాను. అంతకంటే పొడవు దారం నేత సమయంలోనే, అదీ నా ఎదుటే బయటికి వస్తుంది. వేలికి బిగుసుకున్న పోగు రక్తం ఆడకుండా చేస్తుంది కాబట్టి, అల్లిక వేళ మధ్యమధ్య వేళ్ల కొసలు చూస్తూ, రంగు మారితే వెంటనే తీసేయిస్తాను. పని ముగిశాక సూదులు లెక్కపెట్టి డబ్బాలో వేసి, పై అరలో పెడతాను.