14 అడుగుల అల్యూమినియం బోటు కోసం ట్రెయిలర్ మార్పులు: ఆరేళ్లు వాడాక నా మాట

2019లో ఒక వాడిన జాన్ బోటు ట్రెయిలర్‌తో సహా కొన్నాను. 14 అడుగులది, అడుగు చదునుగా ఉండే రకం, వెనక 15 హార్స్‌పవర్ ఇంజను. ఉండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, కాబట్టి మామూలుగా లావన్, లూయిస్‌విల్ లేక్‌లకి, స్ట్రైపర్ చేపల కోసమైతే టెక్సోమా లేక్‌కి వెళ్తాం. బోటు మంచిదే. ట్రెయిలర్ మాత్రం వేరే బోటుకి చేసింది, ఆ సంగతి కొనేటప్పుడు నాకు తట్టలేదు.

మొదటి వేసవిలో టెక్సోమాకి వెళ్తుంటే ప్రెస్టన్ రోడ్డు మీద స్పీడు 60 మైళ్లు దాటగానే ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలైంది. పక్క సీట్లో మా బావమరిది "బావా, స్లో చెయ్యి, స్లో చెయ్యి" అంటున్నాడు, నా చేతులకి చెమటలు పట్టేశాయి. ఇంటికొచ్చి, ట్రెయిలర్‌ని కారు నుంచి విప్పి, కప్లర్ (ట్రెయిలర్‌ని కారుకి తగిలించే ముందు కొస) కింద బాత్రూమ్ స్కేలు పెట్టి చూస్తే 38 పౌండ్లే చూపించింది. బోటు, ఇంజను, బ్యాటరీ, గ్యాసు (పెట్రోలు), ట్రెయిలర్ అన్నీ కలిపి 720 పౌండ్ల దాకా ఉంటాయి. అందులో పదో వంతైనా ముందు కొక్కెం మీద పడాలి, లేకపోతే ట్రెయిలర్ ఊగుతుంది, అంటే సగమే పడుతోందన్నమాట.

అసలు దెబ్బ అడుగున కనిపించింది. బోటుని మోసే రెండు చెక్క బంకులు ట్రాన్సమ్‌కి, అంటే ఇంజను తగిలించే వెనక గోడకి, 9 అంగుళాల ముందే ఆగిపోయాయి. వంద పౌండ్లు దాటిన ఇంజను, దాని పక్కన బ్యాటరీ, గ్యాసు ట్యాంకు, ఇంత బరువూ కింద ఏ ఆసరా లేకుండా గాల్లో వేలాడుతోంది, గతుకు వచ్చిన ప్రతిసారీ పల్చటి రేకు ఆ చెక్క చివర మీద వంగుతోంది. కింద పడుకుని ఒక తిన్నటి ఇనుప బద్దని రేకుకి ఆనించి టార్చి వేస్తే, ఆ చోట మూడు మిల్లీమీటర్ల సందులోంచి వెలుతురు కనపడింది, అంటే రేకు అంత మేర వంగిపోయింది. నీళ్లలో ఫుల్ థ్రాటిల్ ఇస్తే బోటు ముక్కు ఎందుకు దిగిపోతోందో అప్పుడర్థమైంది.

వించ్ స్తంభం (బోటుని ట్రెయిలర్ మీదకి లాగే చక్రం ఉండే ముందు స్తంభం) యూ-బోల్టులు వదులు చేసి దాన్ని 9 అంగుళాలు ముందుకి జరిపాను. దాంతో బోటూ ముందుకొచ్చి, ట్రాన్సమ్ సరిగ్గా ట్రెయిలర్ వెనక అడ్డ దూలం మీదకి చేరింది. స్కేలు మీద 74 పౌండ్లు. ఊగడం ఆ రోజుతో ఆగిపోయింది, ఇప్పటిదాకా మళ్లీ రాలేదు. బంకులకి కొత్త చెక్కలు వేసి, ట్రాన్సమ్ దాటి రెండంగుళాలు బయటికి ఉంచాను. వెనక రెండు పక్కలా పట్టీలతో బిగించి కడుతున్నాను, ముందు ఒక్క వించ్ పట్టీ చాలదు, బోటు ఎగిరెగిరి పడి రివెట్లు వదులవుతాయి.

తప్పు చేసింది చెక్క దగ్గర. కుళ్లదు కదా అని ట్రీటెడ్ చెక్క (మందు పట్టించింది) తెచ్చి కార్పెట్ చుట్టాను. 2021లో బోటు దింపి చూస్తే కార్పెట్ ఆనిన మేరా తెల్లటి పొడి, గోటితో గీస్తే కింద సన్నటి గుంటలు. ఇళ్లకి వాడే ట్రీటెడ్ చెక్కలో ఆర్సెనిక్ ఉండే పాత మందుని 2003 ఆఖరుతో ఆపేశారు, ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువగా రాగి ఉంటుంది. రాగి, తడి, అల్యూమినియం కలిస్తే తినేసేది అల్యూమినియాన్నే. తడి ఆరనివ్వని కార్పెట్ దానికి తోడు. షాపులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. దయచేసి ట్రీటెడ్ చెక్క వాడకండి.

ఆ చెక్కలు పీకేసి, మందు పట్టించని మామూలు డగ్లస్ ఫర్ 2x6 చెక్కలకి నాలుగు వైపులా మూడుసార్లు పెయింట్ వేసి, పైన ప్లాస్టిక్ పట్టీలు బిగించాను, స్క్రూ తలలు లోపలికి దిగేలా. నాలుగేళ్లయింది, రేకు మీద కొత్త మచ్చ లేదు. తడి పది నిమిషాల్లో ఆరుతుంది. టెక్సోమాలో 2009లో జీబ్రా మసెల్స్ (బోట్లలో మిగిలిన నీళ్లతో ఒక లేక్ నుంచి ఇంకోదానికి పాకే చిన్న ఆల్చిప్పలు) బయటపడ్డాయి, ఆ తర్వాత లూయిస్‌విల్‌కీ పాకాయి, టెక్సస్‌లో బోటు నీళ్లన్నీ తీసేసి గానీ లేక్ దగ్గర్నుంచి కదలకూడదు, కాబట్టి ఈ ఆరడం నాకు చాలా ముఖ్యం. ఒక్క జాగ్రత్త: ప్లాస్టిక్ మీద బోటు జర్రున జారుతుంది. ర్యాంపు (బోటుని నీళ్లలోకి దింపే వాలు) పైనే వించ్ కొక్కెం విప్పే అలవాటుంటే ఇవాళే మానేయండి, వెనక భాగం నీళ్లలోకి దిగాకే విప్పండి.

తీరనిది ఒకటుంది. ఈ ట్రెయిలర్ స్ప్రింగులు నా బోటుకి మరీ గట్టివి, నున్నటి రోడ్డు మీద కూడా దడదడలాడుతుంది. రేకులో పాత వంపు కూడా పూర్తిగా పోలేదు, కానీ పెరగలేదు, ఏటా అదే ఇనుప బద్ద పెట్టి చూస్తున్నాను. మొత్తం ఖర్చు 180 డాలర్ల లోపే. ఈ వేసవిలో వెనక యూ-బోల్టులు రెండు తుప్పు పట్టి కనిపిస్తే గాల్వనైజ్డ్‌వి వేశాను, అదొక్కటే ఈ ఏడాది రిపేరు.