జూమ్ హెచ్1 ఎసెన్షియల్: పదేళ్ల లెక్కలో చూస్తే

రికార్డర్ అనగానే అందరూ సౌండ్ ఎలా ఉందని అడుగుతారు గానీ, నేను ముందు బ్యాటరీ మూత తీసి చూస్తాను. లోపల తీయడానికి వీల్లేకుండా లిథియం బ్యాటరీ బిగించేసి ఉంటే, అది ఉబ్బిన రోజే ఆ వస్తువు పని అయిపోయినట్టే. జూమ్ కంపెనీ చేతి రికార్డర్ ఈ హెచ్1 ఎసెన్షియల్‌లో టీవీ రిమోట్‌లో వేసే సన్న సెల్స్ రెండు వేస్తే చాలు, ఏ ఊరి కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. అవి లేకపోయినా యూఎస్‌బీ-సీ వైరు పెట్టి పవర్ బ్యాంక్ మీద నడిపించుకోవచ్చు. నా మటుకు సగం మార్కులు ఇక్కడే పడిపోయాయి.

2024లో అమెరికాలో వంద డాలర్ల ధరకి వచ్చింది. అమ్మేవాళ్లు ఊదరగొట్టేది మాత్రం 32-బిట్ ఫ్లోట్ గురించి. అంటే శబ్దం ఎంత గట్టిగా ఎక్కాలో ముందే లెవెల్ సెట్ చేసే పనే లేదు, అందుకు వాడే గెయిన్ బటనే ఉండదు, ముసలావిడ గొణిగినట్టు చెప్పే కథైనా, పక్కనే డోలు దంచినా ఒకేలా రికార్డు చేసి తర్వాత కంప్యూటర్లో పెంచుకోవడమో తగ్గించుకోవడమో చేసుకోవచ్చు. ఒంటరిగా ఊళ్లు తిరిగి పాటలు రికార్డు చేసుకునేవాళ్లకి నిజంగా పెద్ద టెన్షన్ తగ్గుతుంది. కానీ "శబ్దం ఎప్పటికీ పగలదు" అన్న మాట పూర్తిగా నమ్మకండి. మైకు తట్టుకునేది 120 డెసిబుల్స్ వరకే, సన్నాయి మేళం వాళ్ల డోలుకి ఆనించి పెడితే మైకు దగ్గరే శబ్దం చెడిపోతుంది, దాన్ని ఏ బిట్టూ బాగుచెయ్యలేదు. కాస్త దూరంగా స్టాండ్ మీద పెట్టండి. ప్లాస్టిక్ బాడీ కాబట్టి చేత్తో పట్టుకుంటే వేళ్ల గరగర కూడా రికార్డవుతుంది.

ఇక నాకు నచ్చనిది, పాత రికార్డర్లలో ఉండే, ఫైలు చిన్నగా వచ్చే 24-బిట్‌కి మార్చుకునే దారే లేదు. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో గంటకి 24-బిట్ అయితే దాదాపు ఒక జీబీ, ఇందులో 1.4 జీబీ దాకా తింటుంది. అంతా కుదించని వేవ్ ఫైలే, వాట్సాప్‌లో పంపాలంటే ముందు కుదించుకుంటే నయం. సౌండ్ ఎడిట్ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ అడాసిటీలో హాయిగా తెరుచుకుంటుంది, పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని మొరాయిస్తాయి. అయినా వేవ్ కావడం మంచిదే, ఎవడి యాప్ మీదా ఆధారపడక్కర్లేదు.

పాత రికార్డర్లని చూస్తే ఏది ముందు పోతుందో తెలుస్తుంది. సోనీ పీసీఎం-డి50 వచ్చింది 2007లో, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, సౌండ్ ఇప్పటికీ వంక పెట్టలేనిది, కానీ దాని కార్డు మెమరీ స్టిక్, ఇప్పుడు వెతుక్కోవాలి. 2009 నాటి జూమ్ హెచ్4ఎన్ 32 జీబీ దాటిన కార్డు తీసుకోదు, పైగా మినీ యూఎస్‌బీ, ఆ వైరు ఇంట్లో ఎవరి దగ్గరుంది? వాటిలో సౌండ్ పాతబడలేదు, చుట్టూ ఉన్న కార్డులూ వైర్లూ మారిపోయాయి. హెచ్1 ఎసెన్షియల్‌లో ఉన్నవి మైక్రో ఎస్‌డీ, యూఎస్‌బీ-సీ, మామూలు సెల్స్. ఈ మూడూ ఇప్పట్లో మాయమవుతాయని నేననుకోను.

అందుకని మీ దగ్గర జూమ్ వాళ్ల పాత రికార్డర్లు హెచ్1ఎన్ గానీ హెచ్5 గానీ బాగా పనిచేస్తుంటే ఊరికే మార్చకండి, లెవెల్ చూసుకునే ఓపిక ఉంటే 24-బిట్ చాలు, చాలా ఎక్కువ కూడా. కొత్తగా కొనేవాళ్లు కళ్లు మూసుకుని ఇది తీసుకోవచ్చు, ఒక్క హరికథలూ కచేరీలూ రికార్డు చేసేవాళ్లు తప్ప. వాళ్లకి మిక్సర్ నుంచి లైన్ కావాలి, ఇందులో దానికి వాడే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ లేదు. రెట్టింపు డబ్బు పెట్టి అది ఉన్న హెచ్4 ఎసెన్షియల్ తీసుకోవడం నయం.