పొద్దున జొన్న రొట్టె: చాలా కాలం తిన్నాక నా మాట

జొన్నలు ఆరోగ్యానికి మంచివని ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. 2023ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ అదే గోల. నేను రాసేది ఒక్క ఆకలి గురించే. పాలమూరు వైపు ఒక సర్కారు బడిలో పీఈటీని. ప్రార్థనకు ముందే గ్రౌండ్‌లో ఉండాలి, పిల్లలతో పాటు నేనూ ఉరకాలి, సాయంత్రం నా సొంత ప్రాక్టీసు వేరే. మధ్యలో తినడానికి తీరిక దొరకదు. పొద్దున తిన్నది మధ్యాహ్నం దాకా ఆగాలి, అంతే.

ఇడ్లీ తిన్న రోజు పదింటికల్లా కడుపు ఖాళీ. అన్నం తిన్నా పదకొండు దాటేది కాదు, స్టాఫ్ రూమ్‌లో బిస్కెట్ ప్యాకెట్ ఎవరిదైనా సరే చెయ్యి అటే పోయేది. జొన్న రొట్టెకు మారాక బిస్కెట్లు గుర్తు రావడం మానేశాయి.

గట్టిగా నమ్మకం కుదిరింది మాత్రం మండల స్థాయి ఆటల పోటీల రోజున. ఆ ఏడు నిర్వహణ మా బడిదే. ఆరున్నరకు రెండు రొట్టెలు, పాలకూర పప్పు, పైన కాస్త నువ్వుల పొడి వేసుకుని తిని బయల్దేరాను. కబడ్డీ కోర్టుకు సున్నం గీతలు వేయించడం, జట్ల పేర్లు రాసుకోవడం, వయసు సర్టిఫికెట్ల మీద పక్క ఊళ్ల సార్లతో వాదన, ఖోఖో స్తంభం ఒకటి ఊగుతుంటే మళ్లీ పాతించడం. వంటవాళ్లకు గ్యాస్ అయిపోయి అన్నం వచ్చేసరికి మూడు దాటింది. వచ్చినా ముందు పిల్లలకే కదా. తోటి పీఈటీలు ఒక్కొక్కరే గోడ నీడకు చేరి విజిల్ నా చేతికిచ్చారు. ఖోఖో ఫైనల్ కూడా నేనే ఆడించాను. ఆకలి వేయలేదని కాదు, వేసింది. కానీ చేతులు వణికి, చిన్నదానికి కూడా పిల్లల మీద అరిచే ఆకలి కాదది. "ఏం తిని వచ్చినవ్ మేడమ్?" అని ఒక సారు అడిగితే, రేపటి నుంచి మా ఇంట్లో తినమన్నాను.

ఇందులో మాయేమీ లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాముల దాకా ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. మాంసకృత్తుల్లో అంత తేడా లేదు, ఇక్కడ 10, అక్కడ 8. అందుకే వట్టి వెల్లుల్లి కారంతో తిన్న రొట్టె అంతసేపు ఆగదు. పక్కన పప్పో గుడ్డో పెరుగో పడాల్సిందే. పైగా రొట్టెను నమలాలి. అన్నంలా గబగబా మింగడం కుదరదు కాబట్టి తిన్నామన్న సంగతి కడుపుకు తెలిసే టైమ్ ఉంటుంది.

జొన్నలైతే చాలు, ఏ రూపంలోనైనా ఒకటే అనుకుంటే కుదరదు. మాల్‌లో కొన్న జొన్న అటుకులు పాలలో వేసుకుని తిన్న వారం మళ్లీ పాత కథే, పదిన్నరకు ఆకలి. మజ్జిగ కలిపిన గటక, అంటే జొన్న రవ్వ జావ, ఎండాకాలంలో ప్రాణం లేచొచ్చేలా ఉంటుంది, అంతే త్వరగా దిగిపోతుంది కూడా. మల్టీ మిల్లెట్ బిస్కెట్ల ప్యాకెట్ తిప్పి చూస్తే మొదటి పేరు మైదా. సాయంత్రం రోడ్డు పక్కన అమ్మే రొట్టెలు కొన్నిచోట్ల బాగుంటాయి. ఒకచోట మాత్రం తుంపుతుంటే రబ్బరులా సాగింది. జొన్నపిండికి సాగే గుణమే లేదు, గోధుమ పిండి కలపకపోతే అలా రాదు. ఆ బండి వైపు మళ్లీ పోలేదు.

ఇంట్లో చేయడమే మేలు, కాకపోతే పని. గిర్నీలో పట్టించిన పిండి పాతబడేకొద్దీ జిగురు పోయి రొట్టె అంచులు పగులుతాయి. అందుకని మా అత్తమ్మ కొంచెం కొంచెంగానే పట్టిస్తుంది. మరిగే నీళ్లు పోసి కలిపి, వేడి మీదే పిసికి, పీట మీద పొడి పిండి చల్లి తడుతుంది. పెంక మీద వేశాక తడి గుడ్డతో పైన ఒక్కసారి తుడిచి, ఆ తడి ఆరగానే తిప్పుతుంది. ఆరక ముందు తిప్పితే అంటుకుంటుంది, ఆలస్యమైతే విరుగుతుంది. ఆ పని నాకు ఇప్పటికీ సరిగ్గా పట్టుబడలేదు.

ఇంతగా పొగిడాక ఆ హైదరాబాద్ పరుగు సంగతి కూడా చెప్పాలి. 10 కిలోమీటర్ల పోటీ, ఆదివారం తెల్లవారుజామున. ముందు రోజు సాయంత్రమే ఉప్పల్‌లో మా చెల్లె ఇంటికి చేరాను. అక్కకు ఇష్టమని చెల్లె రొట్టెలు, చిక్కుడుకాయ కూర చేసింది. రెండో రొట్టెతోనే కడుపు నిండిపోయింది. పొద్దున నాలుగింటికి పల్లి చట్నీతో ఇంకొకటి తిని బయల్దేరాను. మొదటి మూడు కిలోమీటర్లు తేన్పులు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు డొక్కలో పట్టేసింది. అది తగ్గిందనుకుంటే ఏడో కిలోమీటరు దాటాక కాళ్లు ఆడలేదు. కడుపేమో ఇంకా నిండుగా ఉంది, కాళ్లలో మాత్రం ఏమీ లేదు. రెండూ ఒకేసారి ఎలా అవుతాయో అప్పుడు అర్థం కాలేదు. నడుస్తుంటే నీళ్లిచ్చే అమ్మాయి ఒకతి "ఆంటీ, ఇది తినండి" అని సగం అరటిపండు చేతిలో పెట్టింది. దాన్ని తిని, గ్లూకోజ్ నీళ్లు తాగి, కాసేపటికి మెల్లగా ఉరికి ముగించాను. టైమింగ్ రాయను.

తర్వాత మా బ్యాచ్‌మేట్, అథ్లెటిక్స్ కోచ్, వివరంగా చెప్పాడు. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజన్ రూపంలో చక్కెర నిల్వ ఉంటుంది, గట్టిగా ఉరికేటప్పుడు ఖర్చయ్యేది ముఖ్యంగా అదే. అది నిండాలంటే పోటీకి ముందు రోజు పిండిపదార్థం బాగా పడాలి. 100 గ్రాముల జొన్నపిండితో చేసిన రెండు రొట్టెల్లో ఉండేది సుమారు 68 గ్రాములు. అంతకన్నా ఎక్కువ తినాలన్నా రొట్టె తిననివ్వదు, అన్నమైతే ఇంకో రెండు గరిటెలు ఇట్టే లోపలికి పోతుంది. ఇక పరుగుకు ముందు తిన్న పీచు కడుపులోంచి త్వరగా కదలదు. బడిలో నన్ను మూడింటి దాకా నిలబెట్టిన గుణమే అక్కడ అడ్డం పడింది.

అదొక్క రోజు సంగతే అయితే ఇంత రాసేదాన్ని కాదు. ప్రాక్టీసు ఎక్కువున్న నెలల్లో రెండు పూటలా రొట్టెలే తింటుంటే, నాకు తెలియకుండానే తిండి తగ్గింది. ఆకలి లేదు కదా, సరిపోతున్నట్టే అనిపిస్తుంది. "ఏమైంది బిడ్డా, మొఖం గిట్ల గుంజుకపోయింది?" అని అత్తమ్మ అంటే నవ్వాను, నిద్ర సరిగ్గా పట్టకపోయినా ఎండల వల్ల అనుకున్నాను. సాయంత్రం పరుగయ్యాక అన్నం, పప్పు, గుడ్డు మొదలుపెట్టాకే రెండూ కుదుటపడ్డాయి.

ఇప్పుడు నా పద్ధతి ఇది: బడి రోజుల్లో పొద్దున రొట్టె, ప్రాక్టీసు అయ్యాక అన్నం. పోటీకి ముందు రోజు రెండు పూటలా తెల్లన్నమే, ఆ పొద్దున ఇడ్లీనో అరటిపండో. మా ఆయన తెలంగాణ సోనా అన్నం తింటాడు. దుకాణాల్లో షుగర్ ఫ్రీ అని అమ్ముతారు, ఆ మాట నిజం కాదు. గ్లైసెమిక్ సూచిక, అంటే రక్తంలో చక్కెరను పెంచే వేగం, తక్కువే కానీ అదీ బియ్యమే, పిండిపదార్థం ఎక్కడికీ పోదు. రొట్టె చేసే ఓపిక లేని ఇళ్లకు అది పర్వాలేదు.

ఖర్చు మాట కూడా ఉంది. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కింద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తుంటే, జొన్నలు కొనుక్కుని గిర్నీకి మోయమని అందరికీ చెప్పలేను. మా ఇంట్లో చేసిపెట్టే అత్తమ్మ ఉంది, నా పని నిలబడి చేసేది, నాకు షుగర్ లేదు. రోజంతా కూర్చుని చేసే పనైతే రెండు రొట్టెలు ఎక్కువేనేమో, ఒకటితో మొదలుపెట్టండి. నీళ్లు మాత్రం బాగా తాగాలి, లేకపోతే ఎండాకాలంలో మలబద్ధకం తప్పదు.