సర్కారు తుమ్మ మోళ్లకి మందు పూయించాం, నాలుగు నెలల తర్వాత రివ్యూ (5కి 3.5)

పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచి, చెట్లు కొట్టించి 31 మోళ్లకి మందు పూయించాం, 26 చచ్చాయి, 5 మళ్లీ చిగురేశాయి. ఆ ఐదింట్లో నాలుగు ఎందుకు చిగురేశాయో నాకు బాగా తెలుసు, అసలు ఈ రివ్యూ రాస్తున్నదే అందుకు.

సైటు విశాఖ దగ్గర ఆనందపురం సైడు, 300 గజాలు, 2016లో కొని ప్రహరీ కట్టకుండా వదిలేశాం. మేకలు వస్తాయి, పోతాయి, సర్కారు తుమ్మ కాయలు తిని ఎక్కడపడితే అక్కడ పెంటికలేస్తాయి, ఆ పెంటికల్లోంచి గింజలు మొలుస్తాయి. పోయినేడు ఏప్రిల్‌లో వెళ్లి చూస్తే హద్దు రాళ్లే కనపళ్లేదు. సగం సర్కారు తుమ్మ, సగం సుబాబుల్. రెండూ మెక్సికో వైపు నుంచి వచ్చిన చెట్లే. తుమ్మనైతే 1877లో మన కడప జిల్లా కమలాపురంలో అటవీ శాఖ వాళ్లే వంటచెరుకు కోసమని తెచ్చి నాటారంట, పేరులోనే సర్కారు ఉంది కదా, ఇంక ఎవర్ని తిట్టుకుంటాం.

మొదట జేసీబీ పెట్టించాం. మూడు గంటలు, గంటకి 1,300. సైటు అద్దంలా తయారైంది, ఫోటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టుకున్నాం కూడా. జూన్‌లో రెండు వానలు పడ్డాయో లేదో, ఒక్కో మోడు దగ్గర ఏడెనిమిది కొమ్మలు లేచాయి, ఇంతకు ముందు ఒక్క మాను ఉన్నచోట ఇప్పుడు పొద. ఎందుకంటే ఈ తుమ్మకి మొగ్గలు నేల మట్టానికి కింద, వేరూ కాండమూ కలిసే చోట ఉంటాయి, జానెడు కంటే లోతు నుంచి ఆ దుంప మొత్తం పెకలిస్తే తప్ప చావదు. జేసీబీ వాడు పైపైన గీకి వెళ్లిపోయాడు, కాయలన్నీ మట్టిలో కలిపి మరీ వెళ్లాడు.

మా మావయ్యగారు మోడుకి బెజ్జం పెట్టి ఇంగువ కూరమన్నారు. కూరాం. సైటంతా పులిహోర వాసనొచ్చింది, చెట్టుకి మాత్రం ఏం కాలేదు.

తర్వాత ఒక ఎరువుల షాపులో అడిగితే "గడ్డి మందు" అని చేతిలో పెట్టాడు, ఇంటికొచ్చి చూస్తే పారాక్వాట్. కొట్టిన రెండో రోజుకే ఆకులన్నీ కాలిపోయినట్టు అయిపోయాయి, అబ్బో పనైపోయింది అనుకున్నాం, మూడు వారాలకి మళ్లీ పచ్చగా నవ్వుతూ నిలబడింది. అది తగిలిన చోటు మాత్రమే మాడుస్తుంది, వేరు దాకా దిగదు. పైగా పొరపాటున లోపలికి పోతే విరుగుడు లేని మందు, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ డబ్బా పెట్టుకుని వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు. మన దగ్గర అన్నిటినీ గడ్డి మందు అనే పిలుస్తారు కాబట్టి డబ్బా మీద చిన్నక్షరాలు చదవకుండా ఎవరూ కొనొద్దు.

ఇక అసలు విషయానికొస్తే, వేరు దాకా దిగే మందు గ్లైఫోసేట్, 41 శాతం ఎస్ఎల్ (అంటే నీళ్లలో కలిసిపోయే ద్రవం). దీన్ని మనమే కొనుక్కుని కొట్టేసుకోడానికి లేదు, 2022 అక్టోబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని. 2015లో డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి లిస్టులో పెట్టింది కూడా. అందుకని సిటీలో ఒక పెస్ట్ కంట్రోల్ వాళ్లని మాట్లాడుకున్నాం. పేరు రాయట్లేదు, పొగడ్తా తిట్టూ రెండూ ఉన్నాయి కాబట్టి. రేటు మొత్తం 8,500, చెట్లు కొట్టడంతో కలిపి.

వచ్చిన మేస్త్రీ పని తెలిసిన మనిషి. ఆగస్టులో ఫోన్ చేస్తే "ఇప్పుడు వద్దు సార్, వానలు తగ్గాక అక్టోబర్ నెలాఖరులో చేద్దాం" అన్నాడు, పని తప్పించుకుంటున్నాడేమో అనుకున్నా. కాదు, వానాకాలం అయిపోయే టైముకి చెట్టు ఆకుల్లో చేసుకున్న తిండిని వేళ్లలోకి దించుకుంటుంది, మందు కూడా దాంతో పాటే దిగుతుంది. ఎండాకాలం నీళ్లు లేక చెట్టు ముడుచుకుని ఉన్నప్పుడు పూస్తే డబ్బులు దండగ.

పద్ధతి చూడ్డానికి చాలా చిన్న పని. నేలకి బెత్తెడు ఎత్తులో రంపంతో అడ్డంగా సమంగా కొయ్యాలి, ఏటవాలుగా కోస్తే మందు జారిపోద్ది. రంపప్పొట్టూ ఎర్రమన్నూ పాత గుడ్డతో శుభ్రంగా తుడవాలి, మట్టి తగిలితే గ్లైఫోసేట్ దానికి అంటుకుపోయి చచ్చుబడిపోద్ది. కలపడానికి కూడా తేట నీళ్లే, సగం మందు సగం నీళ్లు, గుంటలో బురద నీళ్లు ముంచి కలిపితే లాభం లేదు. నేను మోడు మొత్తం పూస్తారనుకున్నా, మేస్త్రీ నవ్వాడు. మధ్యలో ఎర్రగా ఉండేది చేవ, అది ఎప్పుడో చచ్చిపోయిన చెక్క, దానికి పూసి ఏం లాభం. బెరడుకి లోపల తెల్లగా తడిగా ఒక వలయం ఉంటుంది చూడండి, వేలెడు వెడల్పు, ప్రాణమంతా అక్కడే. రెండంగుళాల పెయింట్ బ్రష్‌తో ఆ వలయం చుట్టూ, బెరడు అంచు మీద, పొడిగా ఒక్క చోటు కూడా వదలకుండా పూశాడు. ఏ మోడుకి పూశారో తెలియడానికి మందులో కాస్త నీలం రంగు కలిపాడు, సైటంతా నీలం గాజులు పరిచినట్టుంది.

అన్నిటికంటే ముఖ్యం టైము. కోసిన అయిదు నిమిషాల్లోపు పూసెయ్యాలి. ఆలస్యమైతే చెట్టు గాయాన్ని తనే మూసేసుకుంటుంది, తర్వాత ఎంత పూసినా లోపలికి పోదు. ఒకడు కొయ్యడం, వెనకాలే ఒకడు పూయడం, అలాగే చేశారు పొద్దున్నంతా. ఒంటిగంటకి మేస్త్రీ ఇంకో సైటుకి వెళ్లాడు. కుర్రాళ్లు వరసగా నాలుగు కోసిపడేసి "బోయినం చేసొచ్చి పూసేద్దాంలెండి సార్" అన్నారు, నేనూ ఎండకి నీడలో కూర్చుని సరే అనేశాను. ముప్పావుగంట. ఆ నాలుగూ, సరిగ్గా ఆ నాలుగే, జనవరిలో చిగురేశాయి. ఐదోది హద్దు రాయిని ఆనుకుని ఉంది, అటు పక్క బ్రష్ ఆడలేదు, దాన్ని వదిలేద్దాం.

ఇంకో గొడవ కూడా అదే పూట. మోకాలెత్తు సుబాబుల్ మొక్కలు చాలా ఉంటే వాటికి బ్రష్ దేనికని స్ప్రేయర్ తీశారు. మూడయ్యేసరికి భీమిలి వైపు నుంచి గాలి లేచింది, ఆపండ్రా అంటే "ఒక్క ట్యాంకే సార్" అన్నారు. వారం తర్వాత పక్క సైటు వాచ్‌మన్ భార్య నన్ను చెయ్యి పట్టుకోనంత పని చేసి తీసుకెళ్లి చూపించింది, "ఏటి బాబూ, ఏటి కొట్టించీసేరు, మా బెండ మొక్కలన్నీ ఇలగైపోనాయి". చూస్తే కొత్తగా వచ్చిన ఆకులు సన్నగా, పీలికల్లా, పాలిపోయి ఉన్నాయి, గ్లైఫోసేట్ తుంపర పడితే అలాగే వస్తాయి. 500 నా జేబులోంచి ఇచ్చాను, కంపెనీకి ఫోన్ చేస్తే "గాలికి మేమేం చేస్తాం సార్" అన్నారు. గాలి ఉన్నప్పుడు కొట్టకూడదని చెప్పాల్సింది వాళ్లే కదా! మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి నా కారు దగ్గర పెట్టారు కూడా, అర స్టారు అక్కడ పోయింది, మిగతా స్టారు బెండ మొక్కలకి.

ఆస్ట్రేలియాలో ఇదే తుమ్మ జాతికి ట్రైక్లోపిర్ అనే ఇంకో మందుని డీజిల్‌లో కలిపి, చెట్టు కొట్టకుండానే మాను మొదలు దగ్గర బెరడు చుట్టూ పూస్తారని చదివి మేస్త్రీని అడిగాను. తన దగ్గర అది లేదన్నాడు, లేనిది ఉందని చెప్పలేదు, అది నచ్చింది.

చేయిద్దామనుకునేవాళ్లకి ఒక మాట, మందు మోడుని చంపుతుంది గానీ మట్టిలో గింజల్ని ఏం చెయ్యదు. సుబాబుల్ గింజకి పైపెంకు గట్టి, ఏళ్ల తరబడి నేలలో పడి ఉండి వాన పడగానే లేస్తుంది. డిసెంబర్ వానకే చింతాకులాంటి చిన్న ఆకులు గుంపులుగా వచ్చేశాయి. అవి జానెడున్నప్పుడు తడి నేలలోంచి చేత్తోనే ఊడొస్తాయి, ఒక ఆదివారం పొద్దున్న నేనూ మా అబ్బాయీ రెండు గంటలు పీకాం, దానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

డీల్‌లో రెండో విజిట్ ఫ్రీ అన్నారు. మిగిలిన ఐదు మోళ్ల కోసం ఫోన్ చేస్తే "ఆదివారం వస్తాం సార్" అన్నారు, అది మూడు ఆదివారాల కిందటి మాట. చిగుర్లు మోకాలు దాటాయి, వాళ్లు మర్చిపోయి వెళ్లిన నీలం బ్రష్ ఇంకా నా కారు డిక్కీలోనే ఉంది.