పాలిచ్చే తల్లులూ, సప్లిమెంట్ కొనేముందు లేబుల్ మొత్తం చదవండి

పాలు పెరగడానికో, బాలింత నీరసం తగ్గడానికో ఆన్‌లైన్‌లో క్యాప్సూళ్లు వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి.

నేను కొన్నవాటి పేజీలో "పాలిచ్చే తల్లులకు పూర్తి సురక్షితం, నూరు శాతం సహజం" అని పెద్దక్షరాల్లో ఉంది. వాడటం మొదలయ్యాక పాపకు నిద్ర కరువైంది. ఒళ్లో కళ్లు మూసిన పిల్ల పక్కమీద వేయగానే పిడికిళ్లు బిగించి ఉలిక్కిపడి లేచేది, ఇక తెల్లవార్లూ ఏడుపే. గ్యాస్ అనుకుని దానికి చేయాల్సినవన్నీ చేశాం. చివరికి పిల్లల డాక్టరమ్మ, "మీరేమైనా వాడుతున్నారా? ఉంటే డబ్బా తీసుకురండి" అన్నారు.

డబ్బాకు చుట్టిన లేబుల్ రెండు పొరలని ఆవిడ ఒలిచి చూపించేదాకా తెలియదు. లోపలి పొర మీద, కళ్లు చికిలించినా కనపడనంత సన్నగా, "గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడరాదు" అని ఉంది. పేజీలో చెప్పిందానికి పూర్తిగా విరుద్ధం! పదార్థాల్లో గ్వారానా గింజల సారం, గ్రీన్ టీ సారం ఉన్నాయి. రెండింట్లోనూ ఉండేది కాఫీలో ఉండే, నిద్ర పట్టనివ్వని కెఫీనే, కానీ ఆ మాట డబ్బా మీద ఎక్కడా లేదు. అన్నీ కలిపి "ప్రొప్రైటరీ బ్లెండ్" అని మొత్తం బరువు ఒక్కటే ఇచ్చారు. ఏది ఎంత ఉందో డాక్టర్‌కీ తెలియదు.

పెద్దవాళ్ల ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడితే, అప్పుడే పుట్టిన బిడ్డకు 80 గంటలకు పైనే పట్టొచ్చట. పాల ద్వారా వెళ్లేది కొంచెమే అయినా రోజూ పోగవుతుంది. మానేశాక పాప మెల్లగా కుదుటపడింది. కారణం కచ్చితంగా అదేనని డాక్టరమ్మ అనలేదు, నాకు మాత్రం అనుమానం లేదు. అమ్మినవాళ్లేమో "సీల్ తీశారు, వాపసు కుదరదు. సహజమైనది కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అన్నారు.

ఈ మాటే నమ్మొద్దు. సముద్రపు నాచు, అదే కెల్ప్, సహజమే. అందులో అయోడిన్ మోతాదు మించితే పాలలోకి చేరి బిడ్డ థైరాయిడ్‌ను దెబ్బతీయగలదు. మెంతి క్యాప్సూళ్లు షుగర్ మందులు వాడే తల్లికి షుగర్ మరీ పడిపోయేలా చేయొచ్చు, రక్తం పలచబరిచే వార్ఫరిన్‌తోనూ పడవు. వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్లు మెంతి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలోనే 1994 చట్టం ప్రకారం సప్లిమెంట్లు అమ్మకానికి పెట్టేముందు అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం అక్కర్లేదు. అమ్మకానికి ఉందంటే ఎవరో పరీక్షించే ఉంటారని అనుకోకండి.

డాక్టర్ రాసిన ఐరన్, విటమిన్ డి లాంటివి నా మాట పట్టుకుని మానేయకండి, అది వేరే సంగతి. పాలు చాలట్లేదన్న టెన్షన్ ఉంటే ముందు బిడ్డ రొమ్ము సరిగ్గా పడుతోందో లేదో నర్సుతోనో డాక్టర్‌తోనో చూపించుకోండి. ఎంత తరచుగా తాగితే పాలు అంత ఊరతాయి. ఏ పదార్థం గురించైనా ఇంటర్నెట్‌లో లాక్ట్‌మెడ్ అని వెతికితే పాలిచ్చే తల్లుల కోసం ఉచితంగా సమాచారం దొరుకుతుంది.

ఇప్పటికే ఏదైనా వాడుతుండగా బిడ్డ మరీ మత్తుగా ఉన్నా, పాలు తాగకపోయినా, ఒళ్లు పచ్చబడినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్లండి.