ఆగకుండా చుట్టే బేలర్ మన మడులకు పనికొస్తుందా? ఆరేళ్లు గడ్డి చుట్టాక నా మాట

నేను హైదరాబాద్ ఉప్పల్‌లో ఉంటాను. మా పొలం ప్రతాపసింగారం వైపు, మూసీ నీళ్లు పారే మడుల్లో. 2019 డిసెంబర్‌లో చిన్న రౌండ్ బేలర్, అంటే వరి గడ్డిని గుండ్రటి కట్టలుగా చుట్టే మిషన్ కొన్నాం. అప్పట్లో 3 లక్షల 40 వేలయింది. మా 50 హార్స్‌పవర్ ట్రాక్టర్ వెనక తగిలించి ఇప్పటిదాకా 70 వేల కట్టలకు పైగా చుట్టాం. మా పొలం గడ్డి కొంతే, మిగిలిందంతా చుట్టుపక్కల రైతులకు కిరాయికి చుట్టిందే. ఈ మధ్య చాలామంది ఫోన్లో ఆగకుండా కట్టలు చుట్టే పెద్ద బేలర్ వీడియో చూపించి, "అన్నా, ఇది అసలు ఆగదంట కదా, మన దగ్గరికి వస్తే ఎట్లుంటది?" అని అడుగుతున్నారు. వాళ్లందరికీ ఒకేసారి జవాబు చెబుదామని ఇది రాస్తున్నాను.

మామూలు రౌండ్ బేలర్ ఎందుకు ఆగుతుందో ముందు చెప్పాలి. హార్వెస్టర్ వరసగా వదిలిన గడ్డినే సాలు అంటాం. పికప్ పళ్లు సాలులో ఉన్న గడ్డిని ఎత్తి లోపలి గదిలోకి నెడతాయి. అక్కడ గడ్డి చాపలా చుట్టుకుంటుంది. గది నిండాక ట్రాక్టర్ నిలపాలి. చక్రాలు ఆగినా పీటీవో (ట్రాక్టర్ వెనక నుంచి మిషన్‌ను తిప్పే షాఫ్ట్) తిరుగుతూనే ఉండాలి, లేకపోతే దారం చుట్టుకోదు. దారం చుట్టుకుని తెగాక వెనక తలుపు ఎత్తితే కట్ట కింద పడుతుంది. తలుపు మూసి మళ్లీ కదలాలి. ఈ పద్ధతి పాతదే. 1947లో అమెరికాలో ఆలిస్ చామర్స్ వాళ్లు తెచ్చిన రోటో బేలర్ కూడా కట్ట కట్టేటప్పుడు ఆగాల్సిందే. 1970ల మొదట్లో వెర్మీర్ కంపెనీ పెద్ద గుండ్రటి కట్టలు చుట్టే మిషన్ తెచ్చినప్పుడూ ఆ బాధ తప్పలేదు.

ఆగని మిషన్‌లో చుట్టే గదికి ముందు ఇంకో గది ఉంటుంది. వెనక కట్టకు దారం బదులు వల చుట్టి బయటికి తోసేలోపు, వచ్చే గడ్డిని ముందు గది పట్టుకుంటుంది. తలుపు మూసుకోగానే ఆ గడ్డి వెనక్కి వెళ్తుంది. జర్మనీ కంపెనీ క్రోన్ 2011లో చూపించిన అల్టిమా ఈ పద్ధతిదే. డ్రైవర్ సాలు మీద అలా పోతూనే ఉంటాడు.

మే నెలలో ఒకరోజు ఫోన్ పట్టుకుని మా మిషన్‌కు లెక్క తీశాను. గది నిండడానికి 40 సెకన్లు, ఆగి దారం చుట్టి కట్ట వదలడానికి 25 సెకన్లు. మాకు సగటున రోజుకు 280 కట్టలు పడతాయి. అంటే ఆగడానికే 7,000 సెకన్లు, దాదాపు 2 గంటలు. ఈ లెక్క చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఆ 2 గంటల్లో, తిప్పుకునే టైమ్ పోను, ఇంకో 150 కట్టలు వస్తాయి. కట్టకు 35 రూపాయల కిరాయిలో డీజిల్ 9, దారం 6, డ్రైవర్ కూలి 3, రిపేర్లు 4, అన్నీ పోగా మిగిలేది 12, 13 రూపాయలు. అంటే రోజుకు 1,800 దాకా పోతోంది. కాబట్టి "ఆగితే ఏముందిలే" అని నేను అనను.

టైమ్ కంటే ఎక్కువ బాధ క్లచ్‌ది. పీటీవో ఆగకుండా చక్రాలు మాత్రమే ఆగాలంటే ట్రాక్టర్‌కు డబుల్ క్లచ్ గానీ, పీటీవోకు వేరే క్లచ్ గానీ ఉండాలి. మాది డబుల్ క్లచ్. పెడల్ సగం నొక్కి పట్టుకోవాలి. రోజుకు 280 సార్లు. మా డ్రైవర్ రాత్రి మోకాలికి నూనె రాసుకుని పడుకుంటాడు. నేను నడిపిన రోజుల్లో నాకూ అదే పరిస్థితి. ఆరేళ్లలో క్లచ్ ప్లేట్ రెండుసార్లు మార్చాం. బేలర్ కొనేవాళ్లు దాని ధర మాత్రమే చూస్తారు, ట్రాక్టర్ మీద పడే ఈ ఖర్చు ఎవరూ చెప్పరు. సింగిల్ క్లచ్ ట్రాక్టర్ ఉన్నవాళ్లు మాత్రం దయచేసి బేలర్ జోలికి పోకండి.

ఇంత చెప్పాక కూడా, వీడియోల్లో కనిపించే ఆ మిషన్ మన దగ్గరికి వద్దనే అంటాను. మా ఇబ్బంది చాలావరకు కట్ట దగ్గర కాదు, మడి దగ్గర ఉంది. ఇక్కడ ఒక్కో మడి 15, 20 గుంటలు. నాలుగు కట్టలు పడేసరికి ఒడ్డు వస్తుంది. తిప్పుకోవాలి, ఒడ్డు దాటించాలి. పైగా మూసీ మడులు కోత అయ్యాక కూడా లోపల మెత్తగా ఉంటాయి. వానకాలం పంటకైతే పైన గడ్డి ఎండినట్టే కనిపిస్తుంది, కింద చక్రం దిగబడుతుంది. ఆ మిషన్ చాలా బరువు. దాన్ని తిప్పాలంటే మన 50 హార్స్‌పవర్ బళ్లు ఏ మూలకూ చాలవు. అంత పెద్ద ట్రాక్టర్, అంత పెద్ద బేలర్ ఈ మడుల్లో దిగితే ఒడ్లు మిగలవు.

కట్ట సైజు ఇంకా పెద్ద విషయం. మా కట్ట 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల మందం, బరువు 18 కిలోలు. కూలికి వచ్చే ఆడవాళ్లు ఇద్దరు అందుకుని డీసీఎంలోకి ఎక్కిస్తారు. నగరంలో బర్రెల షెడ్లు ఇరుకు సందుల్లో ఉన్నాయి. అక్కడికి ఆటో ట్రాలీలో పోవాలి, భుజం మీద మోయాలి. వందల కిలోల కట్టను అక్కడ ఎవరు దించుతారు, ఎక్కడ పెడతారు? మా దగ్గర గడ్డి కొనే ఒకాయన పూటకు మూడు కట్టలు విప్పుతాడు. కట్టల లెక్క మీదే మేపు లెక్క వేసుకుంటాడు.

దారం గురించి ఒక మాట. మొదటి ఏడాది చవకని ప్లాస్టిక్ దారం వాడాం. ఒక బర్రె కడుపులో దారం ఉండ కట్టిందని తెలిసినప్పటి నుంచి సుతిలి (జనపనార దారం) తప్ప ఇంకోటి వాడలేదు. పెద్ద మిషన్ల వల కూడా ప్లాస్టిక్కే. కోసి తీసేసే ఓపిక ప్రతి షెడ్డులో ఉండదు.

మాకు నష్టం తెచ్చినవి చెప్పాలంటే అన్నిటికంటే ముందు తేమ. 2021 వానకాలంలో మబ్బు పట్టిందని తొందరపడి పచ్చిగా ఉన్న గడ్డి చుట్టాం. 400 కట్టలు లోపల వేడెక్కి బూజు పట్టాయి. బర్రెలు మూతి కూడా పెట్టలేదు, డబ్బు తిరిగి ఇచ్చేశాం. అప్పుడు నాయిన చెప్పిందే ఇప్పటికీ పాటిస్తున్నాం. గుప్పెడు గడ్డి మెలిపెడితే పుటుక్కున తెగాలి, వంగితే ఆ రోజు పని లేదు. నవంబర్‌లో మంచు ఆరేసరికి పది, పదకొండు అవుతుంది. ఆగని మిషన్ ఉన్నా ఆ గంటలు తిరిగి రావు.

ఇంకోటి నిప్పు. 2023 మేలో ఒక బేరింగ్ ఎండిపోయి కాలింది. గదిలో ఉన్న గడ్డి అంటుకుంది. ట్రాలీలో తాగడానికి తెచ్చుకున్న నీళ్ల డ్రమ్ము ఉండబట్టి మిషన్ దక్కింది. ఇప్పుడు ప్రతి సాయంత్రం గ్రీజు కొట్టి, బేరింగుల మీద గడ్డి పొట్టు ఊదించాకే ఇంటికి పోతాం. గడ్డి ఇరుక్కుంటే పీటీవో ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఈ ఒక్క విషయంలో ఎవరైనా తొందరపడితే నేను వాళ్లను మిషన్ దగ్గరికి రానివ్వను.

ఆగే టైమ్ తగ్గించుకోవడానికి మాకు పనికొచ్చింది సాలు. కోత రోజే హార్వెస్టర్ డ్రైవర్‌తో మాట్లాడి గడ్డిని చెదరనివ్వకుండా ఒకే సాలుగా వదలమంటాం. చైన్ల మీద నడిచే హార్వెస్టర్ కోసిన గడ్డి నలిగి పొట్టిగా వస్తుంది, గది సమంగా నిండదు, దారం జారుతుంది. టైర్ల హార్వెస్టర్ గడ్డి మాకు బాగా చుట్టుకుంటుంది. సాలు బాగుంటే 25 సెకన్లు తగ్గవు కానీ, దారం తెగి దిగి మళ్లీ ఎక్కించే పది నిమిషాలు మిగులుతాయి. ఇంకో అలవాటు కూడా చేసుకున్నాం. గది నిండబోతుంటే ఒడ్డు వైపు నాలుగడుగులు పోయి అక్కడ కట్ట వదులుతాం. ట్రాలీ మడిలోకి దిగక్కర లేదు.

ఎవరైనా మా బేలర్ సైజులోనే, 50 హార్స్‌పవర్‌కు సరిపోయేలా, ముందు ఒక చిన్న గది పెట్టి చేస్తే నేను మొదట కొంటాను. ఇప్పటి ధర మీద లక్షన్నర ఎక్కువైనా కొంటాను. ఏడాదికి 50 రోజుల పని మీద ఆ డబ్బు రెండేళ్లలో వచ్చేస్తుంది. హైదరాబాద్ బాలానగర్ ఇండస్ట్రియల్ షెడ్లలో ఇంతకంటే కష్టమైన మిషన్లు చేసేవాళ్లున్నారు, ఇది వాళ్ల చేతికి రాని పని కాదు.

కొత్తగా మామూలు బేలర్ కొనేవాళ్లకు ఇప్పుడు కాస్త నయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి బేలర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొనేముందు స్పేర్లు ఎక్కడ దొరుకుతాయో చూడండి. మా మిషన్ బేరింగులు, చైన్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నంబర్ చెబితే ఇస్తారు. దారం కోసే కత్తి మాత్రం కంపెనీదే కావాలి. ఒకసారి దాని కోసం పని బాగా ఉన్న రోజుల్లో 11 రోజులు మిషన్ ఖాళీగా పెట్టాం. అప్పటి నుంచి రెండు కత్తులు, పిడికెడు షియర్ బోల్టులు (లోడ్ ఎక్కువైతే ముందు తెగి మిషన్‌ను కాపాడేవి) టూల్ బాక్సులో ఎప్పుడూ ఉంటాయి.

యాసంగి కోతలు మొదలయ్యేలోపు మూడోసారి క్లచ్ ప్లేట్ మార్పించాలి. మెకానిక్‌కు చెప్పి పెట్టాను.