బరంపురంలో మా తాతగారి డయల్ ఫోన్ మళ్లీ మోగింది

పర్లాకిమిడి ఇంట్లో అటక మీద పడున్న నల్ల ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) ఫోన్‌ని బరంపురం పాత బస్టాండు వైపు ఒక చిన్న రిపేరు కొట్టులో ఇచ్చాను. కొట్టాయన తెలుగాయనే, చెయ్యి మాత్రం బంగారం. డయల్ వదిలితే మెల్లగా ఈడ్చుకుంటూ వెనక్కి వచ్చేది, సెకనుకి 10 పల్సులు (నంబరుని లైనుకి చెప్పే కరెంటు తెంపులు) పడాల్సిన చోట సగమే పడుతున్నాయట, ఎండిపోయిన గ్రీజంతా స్పిరిట్‌తో కడిగి ఒక్క చుక్క నూనె వేశాడు, అంతే. ఎక్కువ పోస్తే దుమ్ము పట్టి మళ్లీ మొదటికొస్తుందన్నాడు. మైకులో కార్బన్ రేణువులు గడ్డకట్టి గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది, దాన్నీ తట్టి వదులు చేశాడు.

650 తీసుకున్నాడు, బేరం ఆడలేదు. వారం అని మూడు వారాలు తిప్పాడు, అదీ పర్వాలేదు గానీ గుడ్డ చుట్టిన పాత తీగ తీసేసి అడక్కుండా ప్లాస్టిక్‌ది వేశాడు, అదే మండింది. పాతది తిరిగి ఇమ్మంటే పారేశానన్నాడు.

ఇంకోటి, ఇంట్లో ఫోన్ లైను వచ్చే మా ఫైబర్ ఇంటర్నెట్ బాక్సుకి పల్సులు అర్థం కావు. ఫోనొస్తే గణగణమంటుంది, మనం చెయ్యాలంటే పల్సుని టోన్‌గా (బటన్ ఫోన్ నొక్కితే వచ్చే శబ్దంగా) మార్చే కన్వర్టర్ కావాలి. ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా! అయినా రెండో ఫోన్ కూడా ఆయనకే ఇస్తాను, తీగ మాత్రం విప్పి ఇంట్లో పెట్టుకుని.